డబ్బు కట్టి రమ్మంటున్న ‘జాతీయ సంగీత అవార్డు’కి వెళ్ళాలా? అసలు జాతీయ అవార్డు ఎలా వస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వైజాగ్‌లో ఉంటారు, డిగ్రీ అయిపోయింది, ఆరు సొంత పాటలు చేసి యూట్యూబ్‌లోనూ స్పాటిఫైలోనూ పెట్టారు. పోయిన వారం ఒక మెయిల్ వచ్చింది, ‘మీరు ఉత్తమ యువ సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారానికి ఎంపికయ్యారు, ఫలానా తేదీలోగా 24,500 రూపాయలు కట్టి ఢిల్లీ రండి’ అని. ఇంట్లో అమ్మానాన్న సంతోషంలో ఉన్నారు, మీకేమో అనుమానంగా ఉంది. కట్టాలా వద్దా, అసలు మనలాంటి వాళ్ళకి నిజమైన జాతీయ అవార్డు వచ్చే దారి ఉందా అన్నది మీ ప్రశ్న. అమెరికా వాళ్ళ సంగీత అవార్డు గ్రామీ గురించి కూడా అడిగారు.

కట్టకండి. రెండో ప్రశ్నకి జవాబు: దారి ఉంది, కానీ అది ఆ మెయిల్‌లో లేదు. మీ పాటలు ఇప్పుడున్న స్థితిలో ఏ పెద్ద అవార్డు వాళ్ళు చూసినా ముందుగా అడిగే ఒక విషయానికి మీ దగ్గర జవాబు లేదు. దాని సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే అది మీరు ఈ రాత్రికే సరిచేసుకోగలిగింది.

నేనూ వైజాగ్‌లోనే, సీతమ్మధారలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. అంతకుముందు ఆర్కెస్ట్రాలకి లైవ్ సౌండ్ చేసేవాణ్ణి, కళాభారతిలో, గురజాడ కళాక్షేత్రంలో, పెళ్ళిళ్ళలో, చవితి పందిళ్ళలో. మొత్తం కలిపితే పాతికేళ్ళ పని. ఇలాంటి మెయిల్ పట్టుకుని నా దగ్గరికి వచ్చిన పిల్లలు ఈ మూడు నాలుగేళ్ళలోనే పది మంది దాకా ఉంటారు, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

ముందు ఒక తేడా స్పష్టంగా తెలుసుకోవాలి. డబ్బు అడిగిన ప్రతిదీ మోసం అని కొందరు అంటారు, అది నిజం కాదు. చాలా మంచి పోటీలకి కూడా ఎంట్రీ ఫీజు ఉంటుంది. అమెరికాలో గ్రామీకి పాట పంపేటప్పుడు కూడా ఎంట్రీకి రుసుము ఉంటుంది. తేడా ఎక్కడంటే, అక్కడ మీరే దరఖాస్తు పెడతారు, ఫీజు ముందు కడతారు, తర్వాత ఎవరో కూర్చుని వింటారు, రావచ్చు రాకపోవచ్చు. ఇక్కడ మీరు దరఖాస్తే పెట్టలేదు. గెలిచేశారని ముందు చెప్పి, ఆ తర్వాత డబ్బు అడుగుతున్నారు. గెలిచాక డబ్బు కట్టమంటే అది అవార్డు కాదు, హాలు అద్దె, భోజనం, షీల్డు ఖర్చు మీతో పెట్టించుకుని పైన కొంత మిగుల్చుకునే వ్యాపారం. కట్టనివాళ్ళ పేరు ఆ విజేతల జాబితాలోంచి తీసేస్తారు, మీరు ‘ఆఖరి తేదీ దాటితే మీ స్థానం వేరొకరికి’ అన్న వాక్యం మరోసారి చదవండి. పాట బాగుందని ఇచ్చే బహుమతి అయితే తేదీ దాటగానే వేరొకరి పాట ఎలా బాగైపోతుంది?

గాజువాక అబ్బాయి ఒకడు, గిటారు చాలా బాగా వాయిస్తాడు, నా దగ్గరే రెండు పాటలు రికార్డు చేశాడు. వాళ్ళ నాన్నది స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని. ఇలాంటి మెయిలే వచ్చింది. నాకు చెప్తే వద్దంటానని చెప్పకుండా 22,000 కట్టేశారు, తండ్రీకొడుకులిద్దరూ ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ వెళ్ళారు. హోటల్లో ఒక హాలు. పది మందిని ఒకేసారి స్టేజీ మీదికి పిలవడం, షీల్డు చేతికివ్వడం, ఫొటో, దిగడం, మళ్ళీ ఇంకో పది మంది. సంగీతం ఒక్కటే కాదు, అదే హాల్లో డెంటిస్టులు, యోగా టీచర్లు, రియల్ ఎస్టేట్ వాళ్ళు. ఒక్కరి పాటా వినిపించలేదు. ఫొటోలు కావాలంటే వేరే డబ్బు. తిరిగొచ్చాక ఆ షీల్డు నా కన్సోల్ పక్కన పెట్టి చూపించాడు, వాడి ఇంటిపేరు తప్పుగా చెక్కి ఉంది, ఆ తప్పు అక్షరం మీద వాళ్ళ నాన్న వేలు పెట్టి రుద్దుతూ కూర్చున్నారు. సరిచేసి పంపమని రాస్తే జవాబు లేదు. మరుసటి సంవత్సరం అదే మెయిల్ నాకూ వచ్చింది, ‘ఉత్తమ గాయకుడు’ అని. నేను నా జన్మలో పాట పాడి విడుదల చేయలేదు. నా మెయిల్ ఐడీ ఆ అబ్బాయి దరఖాస్తులో ‘రిఫరెన్స్’ గడిలో ఉండి ఉంటుంది, అంతే.

ఆ డబ్బుతో వాడికి ఒక మంచి కండెన్సర్ మైకు వచ్చేది. నాకు ఇప్పటికీ బాధ అదే.

ఇక అసలైన జాతీయ అవార్డు సంగతి. మన దేశంలో సంగీతం చేసేవాళ్ళలో ఎక్కువమందికి ‘నేషనల్ అవార్డు’ అంటే జాతీయ చలనచిత్ర పురస్కారమే. కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది, రాష్ట్రపతి ఇవ్వడం ఆనవాయితీ. అందులో సంగీత దర్శకత్వం, గాయకుడు, గాయని, గీత రచన ఉంటాయి. సంగీత దర్శకత్వంలో ఇప్పుడు పాటలకి వేరు, నేపథ్య సంగీతానికి వేరు. ఈ విభజన చాలామందికి తెలియదు. 69వ అవార్డుల్లో ‘పుష్ప’ పాటలకి దేవిశ్రీప్రసాద్‌కి, ‘ఆర్ఆర్ఆర్’ నేపథ్య సంగీతానికి కీరవాణికి రావడం చూసి ఒకే ఏడాది ఇద్దరేమిటి అని నన్నడిగినవాళ్ళున్నారు. రెండూ వేర్వేరు పనులు, వేర్వేరు బహుమతులు. అదే ఏడాది గాయకుడిగా కాలభైరవకి ‘ఆర్ఆర్ఆర్’కి, గీత రచయితగా చంద్రబోస్‌కి ‘కొండపొలం’కి వచ్చింది. అంటే ఒక్క ఏడాదిలో సంగీతానికి సంబంధించిన నాలుగు అవార్డులు తెలుగు సినిమాలకే.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, అది అర్థమైతే ఈ అవార్డు పనితీరు అర్థమవుతుంది. ‘ఆర్ఆర్ఆర్’ విడుదలైంది 2022 మార్చి 25న. కానీ అవార్డు 2021 సంవత్సరానికి. ఎందుకు? వాళ్ళు చూసేది థియేటర్లోకి వచ్చిన తేదీ కాదు, సెన్సార్ సర్టిఫికెట్ మీది తేదీ. జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపు సర్టిఫికెట్ వచ్చిన సినిమాలే ఆ ఏడాది లెక్కలోకి వస్తాయి. ‘శంకరాభరణం’ కూడా అంతే, జనం చూసింది 1980 ఫిబ్రవరిలో, అవార్డులు 1979కి. ఆ ఒక్క సినిమాకి మహదేవన్‌కి సంగీతం, బాలుగారికి గానం, వాణీ జయరాంగారికి గానం, మూడూ వచ్చాయి.

ఎంట్రీ పంపేది నిర్మాత. పాడినవాళ్ళో స్వరపరిచినవాళ్ళో కాదు. కాబట్టి ‘మిమ్మల్ని నేషనల్ అవార్డుకి మేం పంపిస్తాం, ఇంత ఇవ్వండి’ అని ఎవరైనా మీతో అంటే ఆ మాట దగ్గరే లేచి వచ్చేయండి. నిర్మాత పంపాక మొదట ప్రాంతీయ జ్యూరీలు చూస్తాయి, అక్కడ దాటినవి కేంద్ర జ్యూరీ ముందుకు వెళ్తాయి. జ్యూరీలో ఎవరున్నారో ఫలితాలతో పాటు బయటికి వస్తుంది. విజేతకి రజత కమలం అనే పతకం, నగదు. ఈ నగదు చాలాకాలం 50,000 ఉండేది, 70వ అవార్డుల నుంచి 2 లక్షలు చేశారు. చూశారా, డబ్బు అటు నుంచి ఇటు వస్తోంది.

మరి సినిమా చేయని మీకు ఇందులో చోటు లేదా? నేరుగా లేదు. మీ ఆరు పాటలు విడిపాటలు, ఈ అవార్డు సినిమాకి. కానీ చాలామంది పట్టించుకోని కిటికీ ఒకటుంది, నాన్-ఫీచర్ విభాగం. షార్ట్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు ఇందులోకి వస్తాయి, వాటిలోనూ సంగీత దర్శకత్వానికి విడిగా అవార్డు ఉంది. వైజాగ్‌లో ఇప్పుడు ఎంతమంది పిల్లలు షార్ట్ ఫిల్ములు తీస్తున్నారో మీకు నాకన్నా బాగా తెలుసు. వాళ్ళలో నూటికి తొంభై మంది తీసి యూట్యూబ్‌లో వదిలేస్తారు, సెన్సార్ సర్టిఫికెట్ తీసుకోరు. సర్టిఫికెట్ లేకపోతే ఎంట్రీ లేదు. మీరు ఎవరితోనైనా డాక్యుమెంటరీకి సంగీతం చేస్తుంటే, పని మొదలుపెట్టిన రోజే దర్శకుణ్ణి అడగండి, సర్టిఫికెట్‌కి వెళ్తున్నారా లేదా అని. అది బడ్జెట్‌లో రాసుకోవాల్సిన ఖర్చు. అరకు, లంబసింగి, భీమిలి, మన చేపల రేవు, ఇన్ని ఉన్నాయి మన చుట్టూ, డాక్యుమెంటరీకి కథలు వెతుక్కోనక్కర్లేదు.

గెలిచినవాళ్ళ గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే ‘మన వైపు నుంచి ఎవరికొస్తుందండీ’ అని మీరు రాసిన ముక్క నాకు నచ్చలేదు. గాయనికి జాతీయ అవార్డు ఇవ్వడం 1968 సినిమాలతో మొదలైంది. ఆ మొట్టమొదటి అవార్డు ఎవరికనుకున్నారు? పి. సుశీల గారికి. ఇక్కణ్ణుంచి గంటన్నర ప్రయాణం, విజయనగరం ఆవిడది. అక్కడి మహారాజా సంగీత కళాశాలలోనే చదువుకున్నారు. ఆ మొదటి అవార్డు తమిళ పాటకి వచ్చింది, తర్వాత 1971లో మళ్ళీ తమిళానికి, ఆపైన 1976, 1982, 1983ల్లో తెలుగుకి, మొత్తం ఐదు. 1982 అంటే ‘మేఘసందేశం’. ఆ సినిమాకే రమేశ్ నాయుడుగారికి సంగీతం, ఏసుదాసుగారికి గానం.

గీత రచనకి మన తెలుగులో మొదట అందుకున్నది శ్రీశ్రీ, 1974లో ‘అల్లూరి సీతారామరాజు’కి. ఆయన పుట్టింది విశాఖపట్నంలో. ఆయన తర్వాత వేటూరి గారు ‘మాతృదేవోభవ’కి, సుద్దాల అశోక్‌తేజ గారు ‘ఠాగూర్’కి, చంద్రబోస్ గారు, మొన్న 71వ అవార్డుల్లో కాసర్ల శ్యామ్ గారు ‘బలగం’లో ఊరు పల్లెటూరు పాటకి. ఈ చివరిది గమనించండి. ‘బలగం’ భారీ సినిమా కాదు. ఊరి మాట, ఊరి మనుషులు, చావు ఇంటి చుట్టూ తిరిగే కథ. ఆ పాటలో యాస దిద్ది పుస్తకం భాష చేసి ఉంటే ఆ బహుమతి వచ్చేదని నేననుకోను. అదే ఏడాది గాయకుడిగా పి.వి.ఎన్.ఎస్. రోహిత్‌కి ‘బేబీ’లో పాటకి వచ్చింది, పెద్ద పేరున్న గాయకులంతా ఉండగా ఒక కుర్రాడికి.

అలాగని అవార్డు రానివాళ్ళు తక్కువా? ఘంటసాల గారికి జాతీయ గాయకుడి అవార్డు లేదు. ఆయన కూడా విజయనగరం సంగీత కళాశాలలోనే నేర్చుకున్నారు. అనకాపల్లిలో పెరిగిన సిరివెన్నెల సీతారామశాస్త్రి గారికి పదకొండు నందులు వచ్చాయి, 2019లో పద్మశ్రీ వచ్చింది, జాతీయ అవార్డు మాత్రం రాలేదు. ఆ రెండు పేర్లూ తలుచుకున్నాక కూడా మీకు ఆ హోటల్ హాల్లో షీల్డు కావాలనిపిస్తే నేను చెప్పగలిగింది లేదు.

ఇక గ్రామీ. ముందు ఒక గందరగోళం తీసేద్దాం. ‘నాటు నాటు’కి గ్రామీ వచ్చిందని చాలామంది అనుకుంటారు, నా దగ్గరికొచ్చే కీబోర్డ్ ప్లేయర్లు కూడా. దానికొచ్చినవి గోల్డెన్ గ్లోబ్, ఆస్కార్, రెండూ 2023లో, రెండూ సినిమా అవార్డులు. గ్రామీ అమెరికా సంగీత పరిశ్రమ తన వాళ్ళకి ఇచ్చుకునే అవార్డు, 1959 నుంచి ఇస్తున్నారు, రికార్డింగ్ అకాడమీ అనే సంస్థ నడుపుతుంది. ఓటు వేసేది జనం కాదు, ఆ సంస్థలో సభ్యులైన సంగీతకారులు, ఇంజనీర్లు, రచయితలు, నిర్మాతలు. లైకులు, వ్యూస్ అక్కడ లెక్క కాదు.

విడిపాటలు చేసే మీలాంటి వాళ్ళకి జాతీయ చలనచిత్ర అవార్డుకన్నా అక్కడ నియమాల ప్రకారం చోటెక్కువ, ఈ మాట వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. సినిమా అక్కర్లేదు. అమెరికాలో వినడానికి దొరకాలి, స్ట్రీమింగ్‌లో ఉన్నా చెల్లుతుంది. సంస్థలో సభ్యుడో, అక్కడ నమోదైన కంపెనీయో మీ తరఫున పంపాలి. పంపినవాటిని మొదట విభాగాల వారీగా సరిచూస్తారు, తర్వాత మొదటి విడత ఓటింగ్, అందులోంచి నామినేషన్లు, ఆపైన తుది ఓటింగ్. 2024లో శంకర్ మహాదేవన్, జాకీర్ హుస్సేన్, జాన్ మెక్‌లాఫ్లిన్, గణేశ్ రాజగోపాలన్, సెల్వగణేశ్ ఉన్న ‘శక్తి’ బృందానికి గ్లోబల్ మ్యూజిక్ ఆల్బమ్ విభాగంలో వచ్చింది, జాకీర్ గారు ఆ ఒక్క రాత్రి మూడు అందుకున్నారు. 2025లో చంద్రికా టాండన్ ‘త్రివేణి’కి వచ్చింది. బెంగళూరు రికీ కేజ్‌కి మూడున్నాయి. వీటిలో ఏదీ సినిమా పాట కాదు.

కానీ ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. ‘పరిశీలనకి పంపాం’ వేరు, ‘నామినేట్ అయింది’ వేరు. ఏటా వేల ఎంట్రీలు పరిశీలనకి వెళ్తాయి, ఒక్కో విభాగంలో నామినేషన్ దక్కేది పిడికెడు మందికి. కొందరు మధ్యవర్తులు మన పిల్లల దగ్గర డబ్బు తీసుకుని ఎంట్రీ ఒకటి వేయించి, ‘గ్రామీ నామినీ’ అని పోస్టర్లు వేయిస్తున్నారు. నామినేషన్ల జాబితా మొత్తం రికార్డింగ్ అకాడమీ సైట్లో ఉంటుంది, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. పేరు లేకపోతే ఆ పోస్టర్ మీకు జీవితాంతం ఇబ్బంది. నాకు తెలిసిన ఒకావిడ, చక్కని కర్ణాటక గాత్రం, అలాంటి పోస్టరు వేసుకున్నందుకు కచేరీలు పెట్టించే ఒక సంగీత సభ వాళ్ళ ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడ తప్పేమీ లేదు, మధ్యవర్తి చెప్పింది నమ్మారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను పైన చెప్పిన అవార్డులన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటంటే, బహుమతి ఒక పనికి వస్తుంది, ఆ పని చేసినవాళ్ళ పేరు మీద వస్తుంది. ఆ పేరు ఎక్కడో రాసి ఉండాలి. రాయని పేరుకి అవార్డూ రాదు, పాట వాడుకున్నప్పుడు రావాల్సిన డబ్బు, అంటే రాయల్టీ కూడా రాదు.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. 2009లో ఒక చిన్న సినిమాకి మూడు పాటల గాత్రాలు నా స్టూడియోలోనే రికార్డు చేశాం. పన్నెండు రాత్రులు. గాయనికి జలుబు చేస్తే ఒక పాట మళ్ళీ మొదట్నుంచి. సినిమా జగదాంబ సెంటర్లో చూడ్డానికి మా ఆవిణ్ణి, పిల్లల్ని తీసుకెళ్ళాను. టైటిల్స్‌లో సౌండ్ రికార్డింగ్ దగ్గర వేరే ఊరి స్టూడియో పేరు, వేరే మనిషి పేరు పడ్డాయి. మా పెద్దాడు నా మొహం వైపు చూశాడు. అడిగితే, ‘అయ్యో పొరపాటయింది, తర్వాతి సినిమాకి వేద్దాం’ అన్నారు. నా దగ్గర కాగితం లేదు, డబ్బు ముట్టినట్టు రసీదు తప్ప. అప్పట్నుంచి నా స్టూడియోలో ఏ పాటైనా మొదలయ్యే ముందు ఒక ఏ4 కాగితం బల్ల మీద పెడతాను. పాట పేరు, రాసింది ఎవరు, బాణీ ఎవరిది, ప్రోగ్రామింగ్ ఎవరు, వాయించింది ఎవరెవరు ఏ వాద్యం, పాడింది ఎవరు, రికార్డింగ్, మిక్సింగ్, మాస్టరింగ్, ఎవరి వాటా ఎంత శాతం. అందరి సంతకాలు. అయిదు నిమిషాల పని. స్నేహితులే కదా, కాగితాలెందుకు అంటారు పిల్లలు. స్నేహితులు గనకే ఇప్పుడు సులువు, పాట హిట్టయ్యాక కష్టం.

ఇంకో సంగతి, ఇది నాకు బాగా ఇష్టమైనది. నాలుగేళ్ళ కిందట ఒక కుర్రాడు తన పాటలో జముకుల కథ వాళ్ళ గొంతు, జముకు కావాలన్నాడు. జముకు వాయిస్తూ కథ పాడే మన ఉత్తరాంధ్ర జానపద కళ అది. శ్రీకాకుళం వైపు నుంచి ముగ్గురొచ్చారు. జముకు మీరు దగ్గర్నుంచి చూశారో లేదో, డొల్లలా ఉండి కింద తోలు, ఆ తోలు మధ్యలోంచి తీగ. తీగని లాగి పట్టుకుని మీటుతుంటే స్వరం సాగుతూ వంగుతూ ఉంటుంది. నేను అలవాటు కొద్దీ మైకు జానెడు దూరంలో పెట్టాను, మీటర్లు ఎర్రగా కొట్టేశాయి, వింటే గరగర. పెద్దాయన నవ్వి, ‘బాబూ, ఇది ఊరవతలికి వినబడాలని చేసిన వాద్యం, మీరు చెవిలో పెట్టుకుంటన్నారు’ అన్నారు. మైకు రెండు బారలు వెనక్కి తీసి, నేల మీద ఉన్న కార్పెట్ చుట్టేసి మళ్ళీ పెట్టాను. అప్పుడొచ్చింది అసలు శబ్దం. అయ్యాక కాగితం పెట్టి పేర్లు అడిగాను. ముగ్గురి పేర్లూ చెప్పి, పెద్దాయన ఆగి, తనకి ఈ కథ నేర్పిన గురువుగారి పేరు కూడా రాయాలన్నారు, ఆయన చనిపోయి చాలా ఏళ్ళయింది. పాట అప్‌లోడ్ చేసే ఫారంలో గురువుకి గడి ఉండదు. ‘సంప్రదాయ కథ, ఫలానా వారి పరంపర’ అని వివరాల్లో రాయించాం. ఆ పాటకి ఏ అవార్డూ రాలేదు. కానీ రెండేళ్ళ తర్వాత ఒక డాక్యుమెంటరీ వాళ్ళు ఆ వివరాల్లో పేర్లు చూసి నేరుగా ఆ ముగ్గుర్నీ పిలిపించుకున్నారు, డబ్బిచ్చి మరీ.

కాబట్టి మీరు చేయాల్సినవి. మీ ఆరు పాటలకీ ఆ కాగితం తయారుచేయండి, ఇప్పటికైనా పరవాలేదు. ప్రతి పాటకీ ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉందో లేదో చూసుకోండి, అక్షరాలూ అంకెలూ కలిపి పన్నెండు ఉండే కోడ్ అది, రికార్డింగ్‌కి ఆధార్ నంబర్ లాంటిది అనుకోండి. మీ పాటల్ని స్పాటిఫైలోకి ఎక్కించిన డిస్ట్రిబ్యూటర్ కంపెనీ వాళ్ళు ఇచ్చే ఉంటారు, లాగిన్ అయి రాసి పెట్టుకోండి. రాసినవాళ్ళూ బాణీ కట్టినవాళ్ళూ ఐపీఆర్ఎస్‌లో, అంటే వాళ్ళ తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థలో, సభ్యత్వం తీసుకోవాలి. 1969 నుంచి ఉన్న సంస్థ, 2012లో కాపీరైట్ చట్టం మార్చాక రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో వాటా చట్టప్రకారం వదులుకోవడానికి వీల్లేని హక్కు అయింది, ఈ సంగతి తెలియక ‘అన్ని హక్కులూ ఇచ్చేశాను’ అనుకుని కూర్చున్నవాళ్ళు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు. పాడినవాళ్ళకీ వాయించినవాళ్ళకీ వేరే సంస్థ ఉంది, ఇసామ్రా.

శాస్త్రీయం లేదా జానపదం వైపు మీకు పట్టు ఉంటే, సంగీత నాటక అకాడమీ వాళ్ళ ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం ఒకటుంది, 40 ఏళ్ళలోపు కళాకారులకి, 2006 నుంచి ఇస్తున్నారు. ఇంకా దగ్గరది, మన ఆకాశవాణి ఆడిషన్. అవార్డు కాదు, గ్రేడు. కానీ మీ పేరు దాచి, గొంతు మాత్రమే విని వేసే గ్రేడుకి ఏ సభ వాళ్ళైనా విలువిస్తారు. దానికి తయారవడానికి పట్టే ఆరు నెలలు మీ గొంతుకి చేసే మేలు ఆ ఢిల్లీ ప్రయాణం చేయదు.

ఆ మెయిల్‌కి జవాబు ఇవ్వకపోయినా నష్టం లేదు. అమ్మానాన్నకి చెప్పడం కష్టంగా ఉంటే, వాళ్ళ ముందే మూడు ప్రశ్నలు రాసి పంపండి: జ్యూరీలో ఎవరున్నారు, నా ఏ పాటని ఎంపిక చేశారు, డబ్బు కట్టకపోయినా విజేతల జాబితాలో నా పేరు ఉంటుందా. గాజువాక అబ్బాయి విషయం తర్వాత నా దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళతో నేను ఇదే చేయించాను. రెండో ప్రశ్నకి, అంటే ఏ పాట అన్నదానికి, ఇంతవరకు ఒక్కరికీ జవాబు రాలేదు. వాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి అది చాలింది.

మీరు ఇచ్చిన లింకు తెరిచి ఆరు పాటలూ విన్నాను, హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, స్టూడియో స్పీకర్లలో ఒకసారి. నాలుగోది బాగుంది, నిజంగా బాగుంది. రెండో చరణం ముందు వేణువు ఒక్కటే పన్నెండు సెకన్లు ఉంటుంది, వెనక ఏమీ పెట్టకుండా వదిలేశారు, ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. దాన్ని తుడిచేయకుండా ఉంచినందుకు మెచ్చుకుంటున్నాను. కింద వివరాలు తెరిచి చూశాను, ఆ వేణువు ఎవరు వాయించారో ఎక్కడా లేదు. మీ పేరు, మీ ఇన్‌స్టా లింకు, సబ్‌స్క్రైబ్ చేయమన్న మాట, అంతే ఉన్నాయి. నేను మొదట్లో జవాబు లేదన్నది దీని గురించే. ఈ రాత్రికే ఆయనకో ఆవిడకో ఫోన్ చేసి, పేరు ఎలా రాయాలో అడిగి, సరైన అక్షరాలతో అక్కడ పెట్టండి.